వంటింటి సందేహాలు: పుల్లకు గుచ్చిన చికెన్, అనాస

ప్రశ్న: బోన్‌లెస్ చికెన్‌కి మసాలా, రెండు చెంచాల తేనె పట్టించి, పచ్చి అనాస ముక్కలు కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. మర్నాడు పుల్లకు గుచ్చబోతే చికెన్ చేతిలోనే పిండిలా నలిగిపోయింది. నిలిచిన ముక్కలేమో నిప్పుల మీద పైన మాడి, లోపల పచ్చిగా ఉండిపోయాయి. ఎందుకిలా?
– పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: చికెన్‌ని పాడుచేసింది అనాస, మాడ్చింది తేనె. పచ్చి అనాసలో బ్రొమిలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది మాంసకృత్తులను విడగొడుతుంది. అరగంటయితే ముక్క మెత్తబడుతుంది, రాత్రంతా అయితే పీచు మిగలదు. డబ్బాలో వచ్చే అనాసను ముందే వేడి చేస్తారు కాబట్టి దానితో ఈ బెడద లేదు. పచ్చిదే కావాలంటే గుచ్చే ముందు మాత్రమే కలపండి.

అరకిలో చికెన్‌కి గట్టి పెరుగు మూడు పెద్ద చెంచాలు, అల్లంవెల్లుల్లి ముద్ద ఒకటి, నూనె ఒకటి, ఉప్పు, గుంటూరు కారం చెరో చిన్న చెంచా, అర నిమ్మచెక్క రసం చాలు. పెరుగును గుడ్డలో కట్టి అరగంట వేలాడదీయండి. నీళ్లున్న పెరుగైతే మసాలా జారి నిప్పుల్లో పడుతుంది, ముక్కకు పట్టదు. ఫ్రిజ్‌లో నాలుగు గంటలు ఉంచండి. రొమ్ము మాంసం కన్నా తొడ మాంసం మేలు, రెండు నిమిషాలు ఎక్కువ కాలినా ఎండిపోదు. ముక్కలన్నీ అంగుళంపావు సైజులో కొట్టించండి. వెదురు పుల్లల్ని అరగంట నీళ్లలో నానబెట్టండి. గుచ్చేటప్పుడు ముక్కకీ ముక్కకీ మధ్య కాస్త సందు వదలండి. ఇరికించి గుచ్చితే ఆనుకున్న చోట వేడి తగలదు, పచ్చి మిగిలేది అక్కడే.

బొగ్గుల మీద తెల్లటి బూడిద కమ్మాకే పుల్లలు పెట్టాలి. జానెడు ఎత్తులో అరచేయి పెట్టి మూడు నాలుగు అంకెలు లెక్కపెట్టగలిగితే సెగ సరిపోయినట్టే. ఒకటికే చెయ్యి లాగేస్తే ఇంకా ఆగండి. రెండు మూడు నిమిషాలకోసారి తిప్పుతుంటే పన్నెండు, పద్నాలుగు నిమిషాల్లో కాలుతుంది. లావుపాటి ముక్క కోస్తే గులాబీ రంగు కనపడకూడదు. థర్మామీటర్ ఉంటే నడిమధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ చూపాలి.

తీపి చివరి రెండు నిమిషాలకే. రెండు పెద్ద చెంచాల బెల్లం, ఒక చెంచా చిక్కటి చింతపండు గుజ్జు, మూడు చెంచాల నీళ్లు, చిటికెడు కారం కలిపి లేతపాకం వచ్చేదాకా కాచి కుంచెతో రాయండి. తేనెకన్నా ఇదే మన నోటికి కుదురుతుంది. ముందే రాస్తే మాంసం ఉడికేలోపు చక్కెర నల్లబడి చేదెక్కుతుంది.

ప్రశ్న: మటన్, మామిడిపండు ఒకే పుల్లకు గుచ్చవచ్చా?
– పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: వద్దు. మటన్ కాలేలోపు పండు జావైపోతుంది. మటన్‌కి ఒక పుల్ల, పండుకి ఒక పుల్ల. తినేటప్పుడు పళ్లెంలో కలపండి. అరకిలో మటన్‌కి పచ్చిబొప్పాయి ముద్ద ఒక పెద్ద చెంచా పట్టించి గంటన్నర ఉంచితే చాలు. ఎక్కువసేపు ఉంచితే అనాసతో జరిగిందే జరుగుతుంది. పండు దోర బంగినపల్లి అయితే చెక్కు తీసి పెద్ద ముక్కలు కోయండి. రసాలు జోలికి పోకండి, పుల్లకు నిలవవు. పండుకి నాలుగు నిమిషాల సెగ ఎక్కువే.

ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో కుంపటి పెట్టుకోవచ్చా?
– పాఠకురాలు, విజయవాడ

జవాబు: డాబా మీదైతే సరే. అద్దాలు మూసిన బాల్కనీలో, వంటింట్లో మాత్రం వద్దేవద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. కిరసనాయిలు పోసి అంటించకండి, ఆ కంపు ముక్కకి పట్టేస్తుంది. ఇంట్లోనే చేయాలంటే గాళ్లున్న ఇనుప పెనాన్ని గ్యాస్ మీద బాగా కాల్చి, నూనె పెనానికి కాకుండా ముక్కలకు రాయండి. ఎండాకాలం మసాలా పట్టించిన చికెన్‌ని గంటకు మించి బయట ఉంచకండి. డాబా మీదికి తీసుకెళ్లినా గిన్నె ఐసు ముక్కల మీదే పెట్టండి.