వేలంలో కొన్న గుర్రప్పిల్లకు సొంతంగా శిక్షణ ఇవ్వవచ్చా?

"బక్కచిక్కిన గుర్రప్పిల్లను వేలంలో చవకగా కొని, మనమే శిక్షణ ఇచ్చుకోవచ్చా? ఎన్ని రోజుల్లో ఎక్కి తిరగవచ్చు?" అని అడిగారు. చవక అన్న మాట దగ్గరే నాకు నవ్వొచ్చింది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మనవాళ్ళు ఊరికే అనలేదు. నా గుర్రం ఖరీదు 475 డాలర్లు. మొదటి నెల పశువైద్యుడికి, కంచెకు అయినది అంతకు నాలుగు రెట్లు.

నేను పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ వైపు ఉంటాను. పగలంతా కంప్యూటర్ ఉద్యోగం. చుట్టూ ఆమిష్ రైతులు, అంటే మతాచారం కొద్దీ పాతకాలపు పద్ధతుల్లో బతికే క్రైస్తవులు. కార్లు నడపరు, గుర్రపు బగ్గీలే. వాటికి కట్టేవి ఎక్కువగా స్టాండర్డ్‌బ్రెడ్ జాతి గుర్రాలు, అంటే పందేల్లో రెండు చక్రాల బండి లాగడానికి పెంచినవి. పందేనికి వేగం చాలనివి, బగ్గీకి నప్పనివి చివరికి పశువుల వేలానికి చేరతాయి. అమెరికాలో గుర్రాల కబేళాలు 2007లోనే మూతపడ్డాయి గానీ, మాంసం బేరగాళ్ళు వేలంలో కొని కెనడాకో మెక్సికోకో లారీల్లో తోలుతూనే ఉన్నారు. రెండేళ్ళ క్రితం మార్చిలో నాకు పోటీగా పాట పాడింది అలాంటి మనిషే. నేను 475 అనగానే భుజాలెగరేసి పక్కదానికి వెళ్ళిపోయాడు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. "లారీ రేపు తెల్లవారగానే బయలుదేరుతుంది, ఈ రాత్రికి డబ్బు పంపకపోతే ఈ గుర్రం బతకదు" అంటూ ఫొటోలు పెట్టేవాళ్ళను చూసి జేబు విప్పకండి. వాటిలో పదింట తొమ్మిది వ్యాపారమే. వేలంలో ఉన్న ధరకు రెండింతలు మన జాలి మీద వసూలు చేస్తారు, ఆ డబ్బుతో వచ్చే వారం ఇంకో నాలుగు కొంటారు. ఎవరేమనుకున్నా నా అభిప్రాయం ఇదే.

దానంగా వచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదేమో గానీ, డబ్బు పోసి కొన్న గుర్రానికి లెక్కపెట్టాల్సిందే. ముందు వరుసలో మధ్య పాలపళ్ళు ఊడేది సుమారు రెండున్నరేళ్ళకు. కొన్ననాటికి దీనికి ఇంకా ఊడలేదు, అంటే రెండున్నర నిండలేదన్నమాట. ఆడపిల్ల, ముదురు బెల్లం రంగు. బెల్లం అనే పేరు పెట్టాను. ఇక్కడివాళ్ళకు నోరు తిరగక బెల్లా అంటారు.

ఒంగోలు దగ్గర ఊళ్ళో గిత్తలకు కాడి అలవాటు చేసిన మనిషి మా నాన్న. ఫోనులో ఫొటో చూసి "ఉడకబెట్టిన ఉలవలు పెట్టరా, పది రోజుల్లో నిగనిగలాడుతుంది" అన్నారు. నాకూ చేతులు అటే లాగాయి. పశువైద్యురాలు వద్దంటే వద్దంది. ఆకలితో ఎండిపోయిన గుర్రానికి ఒక్కసారిగా గింజలు పెడితే, రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫరస్, పొటాషియం కణాల్లోకి వెళ్ళిపోయి గుండె ఆగిపోవచ్చట. కాబట్టి మొదట్లో ఆల్ఫాల్ఫా ఎండుగడ్డి మాత్రమే, నాలుగు గంటలకోసారి ఒక పౌండు, అంటే సుమారు అర కిలో చొప్పున. రాత్రి రెండు గంటలకు అలారం పెట్టుకుని లేచి గడ్డి తూచి వేసిన రోజులవి. మూడు వారాలు వేరే గుర్రం దగ్గరకు పోనివ్వలేదు. వేలంలో గుర్రాలకు అంటుకునే గొంతువాపు రోగానికి (స్ట్రాంగిల్స్) భయపడి పొద్దునా సాయంత్రం జ్వరం చూసేవాడిని.

ఇక నా ఘనకార్యం. హాల్టర్ అంటే కళ్ళెం కాదు, నోట్లో ఇనుము ఉండదు, తలకు తొడిగే పట్టీలు అంతే. అది తొడగడానికి 17 రోజులు పట్టింది. ఆ తర్వాత తాడు తగిలించి నడిపించబోయాను. లాగితే తల ఎత్తింది. బెదిరిందని తాడు వదులు చేశాను. మర్నాడు తల ఎత్తి వెనక్కి తగ్గింది. మళ్ళీ వదులు చేశాను. నాలుగో రోజు ముందు కాళ్ళు రెండూ గాలిలోకి లేచాయి. డెక్క నా చెవి పక్కనుంచి వెళ్ళిన గాలి ఇప్పటికీ గుర్తుంది. తాడు పారేసి కంచె దూకాను. అదేమో నింపాదిగా వెళ్ళి గడ్డి కొరుక్కుంటోంది.

ఎన్నో ఏళ్ళుగా గుర్రాలు పెంచుతున్న పక్క పొలం పెద్దావిడ ఇదంతా కంచెకు ఆనుకుని చూసింది. "చాలా బాగా నేర్పావు" అంది. వెటకారమనుకున్నాను. "అది మొండికేసిన ప్రతిసారీ వదిలేశావు. ఇంకాస్త మొండికేస్తే ఇంకా తొందరగా వదులుతావని దానికి అర్థమైంది. నాలుగు రోజుల్లోనే పట్టేసింది, తెలివైన పిల్ల" అంది.

అప్పటిదాకా నేను తాడు లాగడమే నేర్పడం అనుకున్నాను. గుర్రం మాత్రం లాగుడు ఎప్పుడు ఆగిందో అది గుర్తుపెట్టుకుంటుంది. మర్నాటి నుంచి తాడు కాస్త బిగించి, పెంచకుండా తగ్గించకుండా ఊరికే నిలబడ్డాను. తల ఎత్తింది, కంటి తెల్లగుడ్డు కనిపించింది, నా చుట్టూ తిరిగింది. నేనూ దానితో పాటే తిరిగాను, బిగువు మాత్రం మార్చలేదు. నలభై నిమిషాల తర్వాత మెడ ఒక్క అంగుళం దిగింది. వెంటనే తాడు వదిలేశాను. అది కాసేపు కదలకుండా నిలబడి, పెదవులు నాక్కుని, ముక్కులోంచి బుస్సుమని ఊపిరి వదిలింది. నా చొక్కా మాత్రం తడిసి ముద్దయింది.

నాన్నకు చెబితే "గిత్తనెప్పుడూ ముసలి ఎద్దు పక్కనే కడతాం. సగం పని అదే నేర్పుతుంది. నీకు ముసలి గుర్రం లేదా?" అన్నారు. ఉలవల విషయంలో ఎలా ఉన్నా, ఇందులో ఆయన మాటే నెగ్గింది. పెద్దావిడ తన 22 ఏళ్ళ ఆడగుర్రాన్ని వేసవంతా మా దొడ్డిలో వదిలింది. దాని వెనకే వెళ్ళి బెల్లం వాగు దాటింది, నీటిగొట్టం చప్పుడుకు బెదరడం మానింది.

ఎక్కడం సంగతి. గుర్రానికి వెన్నెముక ఎదుగుదల పూర్తయ్యేసరికి అయిదున్నరేళ్ళు దాటుతాయి. ఇప్పుడు దానికి నాలుగు. వారానికి రెండుసార్లు, పదిహేను నిమిషాలు మించి కూర్చోను. ఈ సంగతి తెలియని మిత్రులు పెళ్ళి ఊరేగింపులకు అడుగుతారు. బ్యాండు మేళం, టపాకాయలు, పైన 90 కిలోల పెళ్ళికొడుకు! కాదంటే ముఖం ముడుచుకుంటారు.

రోజుల లెక్క అడిగారు కదా. హాల్టర్‌కు 17 రోజులు. వెనక కాలు ఎత్తి డెక్క శుభ్రం చేయనివ్వడానికి రెండు నెలలు. నేను నాలుగు రోజుల్లో నేర్పిన విద్యను మాన్పించడానికి నాలుగు నెలలు. వేలం నుంచి తెచ్చిన రోజు ట్రైలర్‌లోకి దాన్ని నలుగురు తోసి ఎక్కించారు, అందుకని ట్రైలర్ ఎక్కడం నేర్పడం ఒక్కటి ఇంకా సాగుతోంది. మొన్న శనివారం ముందు కాళ్ళు రెండూ లోపల పెట్టి, అక్కడ వేసిన గడ్డి మొత్తం తిని, దిగిపోయింది.