పాత డ్రాల మీద పరీక్షించిన లాటరీ పద్ధతిని డబ్బుకు అమ్మితే మోసం అవుతుందా?

ప్రశ్న: నాకు ప్రోగ్రామింగ్ వచ్చు. 49 నంబర్లలో ఆరు ఎంచుకునే ఒక విదేశీ లాటరీ పాత ఫలితాలు, 500 డ్రాలవి, డౌన్‌లోడ్ చేసి నంబర్లు ఎంచుకునే 40 పద్ధతులను వాటి మీద పరీక్షించాను. చాలా కాలంగా రాని నంబర్లను పట్టుకునే పద్ధతికి 500 డ్రాల్లో మొత్తం 401 నంబర్లు కలిశాయి, మామూలుగా అయితే 367 దాకా కలవాలి. "నిరూపితమైన పద్ధతి" అని ఆ ఎక్సెల్ షీట్ గ్రూపులో పెడితే ఎనిమిది మంది నెలనెలా డబ్బు కట్టి నా దగ్గర నంబర్లు తీసుకుంటున్నారు. మా బావమరిదితో కలిపి ఐదుగురం టికెట్లు కూడా కొంటున్నాం. ఇప్పుడు ఒకాయన డబ్బు తిరిగి ఇవ్వకపోతే చీటింగ్ కేసు పెడతానంటున్నాడు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: పాత ఫలితాలు తీసుకుని పరీక్షలు చేసుకోవడం ఏ చట్టం ప్రకారమూ నేరం కాదు, ముందు ఆ భయం వదిలేయండి. ఫలానా రోజు ఫలానా నంబర్లు వచ్చాయన్నది ఒక వాస్తవం, వాస్తవం మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. వెబ్‌సైట్ వాళ్లు వద్దన్నా వినకుండా ప్రోగ్రాం పెట్టి వాళ్ల డేటా మొత్తం లాగితే మాత్రం ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద నష్టపరిహారం అడగొచ్చు. మీరు అలా చేసినట్టు రాయలేదు కాబట్టి దాన్ని వదిలేద్దాం.

మీరు పంపిన షీట్ తెరిచి చూశాను. ఒక్కో పద్ధతికి ఒక్కో కాలమ్ ఉన్న ఆ షీట్‌లో ఆకుపచ్చ రంగు వేసిన 17వ కాలమ్, అంటే 401 వచ్చిన మీ పద్ధతి, ఒక్కటే కనిపిస్తోంది, మిగతా 39 కాలమ్స్ దాచి ఉన్నాయి. రెండు క్లిక్కులతో అవన్నీ బయటకొచ్చాయి, కొన్నిట్లో 330, 340 కూడా ఉన్నాయి. మీ కేసులో అసలు విషయం ఇదే. 367 అన్నది ఏ ఆరు నంబర్లు తీసుకున్నా వచ్చే సగటు, డ్రాకు 36ను 49తో భాగించినంత. 500 డ్రాల్లో అది అటూ ఇటూ 17 దాకా ఊగడం మామూలే, మీ 401 దానికి రెండింతలు పైకి వెళ్లింది. ఒక్క పద్ధతినే ముందు అనుకుని పరీక్షించి ఉంటే ఇది కాస్త ఆశ్చర్యపడాల్సిన విషయమే, కానీ 40 పద్ధతులు పెట్టి చూస్తే వాటిలో కనీసం ఒకటి కేవలం అదృష్టం కొద్దీ అంత పైకి వెళ్లే అవకాశం 60 శాతం దాకా ఉంటుంది. ప్రతి డ్రాకూ 49 బంతులూ మళ్లీ యంత్రంలోకి వెళ్తాయి కాబట్టి, చాలా కాలంగా రాలేదన్న కారణంతో ఏ నంబరుకూ అదనపు అవకాశం రాదు. మొత్తం ఆరూ కలిసే అవకాశం ఏ పద్ధతికైనా 1,39,83,816లో ఒకటే.

ఇక కేసు సంగతి. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం రుజువు కావాలంటే, డబ్బు తీసుకునే నాటికే మీకు దురుద్దేశం ఉందని ప్రాసిక్యూషన్ చూపించాలి. పద్ధతి పనిచేస్తుందని మీరు మనస్ఫూర్తిగా నమ్మి చెప్పి ఉంటే, అది తప్పని తేలినంత మాత్రాన నేరం కాదు. కానీ ఓడిపోయిన 39ని దాచి గెలిచిన ఒక్కదాన్ని చూపించడాన్ని "ఇతనికి తెలిసే చేశాడు" అని అవతలి లాయరు వాదిస్తారు, నేనైనా అదే వాదిస్తాను. రుజువైతే ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఒకవేళ క్రిమినల్ కేసు నిలబడకపోయినా సివిల్‌గా తప్పించుకోవడం కష్టం, ఎందుకంటే తెలియక చెప్పిన తప్పు మాటను నమ్మి డబ్బు కట్టినా కాంట్రాక్టు చట్టం 18, 19 సెక్షన్ల కింద అవతలివాళ్లు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. "నిరూపితమైన పద్ధతి" అన్న ప్రకటన వినియోగదారుల చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటన కూడా అవుతుంది, దానికి పది లక్షల దాకా జరిమానా ఉంది.

నిజం చెప్పే వీలున్న సంగతి ఒకటుంది. నంబర్ల ఎంపిక గెలిచే అవకాశాన్ని మార్చదు, గెలిస్తే ఎంతమందితో పంచుకోవాలన్నదాన్ని మార్చొచ్చు. 1995 జనవరి 14న బ్రిటన్ నేషనల్ లాటరీలో ఒకే ఆరు నంబర్లు 133 మంది దగ్గర ఉండటంతో జాక్‌పాట్ 133 ముక్కలైంది. చాలామంది పుట్టినరోజులు చూసుకుని 31 లోపు నంబర్లు పెడతారు, వాటిని తప్పిస్తే మేలు అని చెబితే అది నిజమే, అందులో దాచాల్సిందేమీ లేదు.

మీ ఐదుగురి ఉమ్మడి టికెట్ల గురించి మీరు అడగలేదు గానీ నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. పందెం ఒప్పందం కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం చెల్లదు. అయితే పందెం చెల్లదు గానీ చట్టవిరుద్ధం కాదని, అందుకోసం కలిసి పెట్టిన భాగస్వామ్యం అంతమాత్రాన చెల్లకుండా పోదని 1959లో ఘేరులాల్ పారఖ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మీకు పనికొస్తుందని ఆశపడకండి. మీది విదేశీ లాటరీ, లాటరీ టికెట్ల కోసం ఇక్కడి నుంచి విదేశాలకు డబ్బు పంపడాన్ని విదేశీ మారక ద్రవ్య చట్టం (ఫెమా) కింద 2000లో వచ్చిన నిబంధనలు నిషేధించాయి. చట్టం నిషేధించిన పని కోసం చేసుకున్న ఒప్పందాన్ని ఏ కోర్టూ అమలు చేయదు, అంటే రేపు నిజంగా ప్రైజు తగిలి టికెట్ ఎవరి పేరున ఉంటే వాళ్లే ఉంచేసుకున్నా మీరు గట్టిగా అడగలేరు. బంధువుల మధ్య ఇలా డబ్బు దగ్గర మాట పడి, పెళ్లిళ్లకు కూడా పిలుచుకోని ఇళ్లు చాలా చూశాను. ఆ కొనడం ఈ నెల నుంచే ఆపండి, మీ బావమరిదికి కారణం మీరే కూర్చోబెట్టి చెప్పండి.

ఎనిమిది మందికీ ఈ వారంలోనే రాతపూర్వకంగా చెప్పండి, ఒక్కరికి చెప్పి ఏడుగురికి దాచొద్దు. మొత్తం 40 పద్ధతులు పరీక్షించానని, వాటిలో ఒకటి పైకి రావడం అదృష్టమే కావచ్చని, ఇకపై డబ్బు తీసుకోనని రాసి, తీసుకున్నది బ్యాంకు ద్వారా వెనక్కి వేయండి. "కేసులు వేయను" అని వాళ్ల చేత ముందే సంతకం పెట్టించుకోవాలని చూడకండి, డబ్బు ఇచ్చేశాక రసీదు తీసుకుంటే సరిపోతుంది. డబ్బు తిరిగిస్తే నేరం మాసిపోదు, కానీ మీ ఉద్దేశం ఏమిటన్నది తేల్చేటప్పుడు కోర్టు దాన్ని చూస్తుంది.

పద్ధతి మీద మీకింకా నమ్మకం ఉంటే డబ్బు పెట్టకుండానే తేల్చుకోవచ్చు. 17వ కాలమ్ పద్ధతిని మార్చకుండా అలాగే ఉంచి, రాబోయే వంద డ్రాలకు నంబర్లను డ్రాకు ముందే మీ ఈమెయిల్‌కు మీరే పంపుకోండి, తేదీతో సహా ఉంటుంది. సగటున 73 కలుస్తాయి, ఎన్ని కలిశాయో మీరే లెక్కపెట్టుకోండి.

ఒక్క మాట మాత్రం మరిచిపోకండి. భయంతో ఆ షీట్‌లో దాచిన కాలమ్స్ తొలగించొద్దు. అది ఇప్పటికే ఎనిమిది మంది ఫోన్లలో ఉంది, పైగా కోర్టుకు రావాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డును చెరిపేస్తే న్యాయ సంహిత 241 కింద అదొక వేరే నేరం. ఫైలును ఉన్నది ఉన్నట్టు కాపీ తీసి, బ్యాంకు స్టేట్‌మెంట్లు, గ్రూపు మెసేజీలతో కలిపి మీ ఊరి క్రిమినల్ లాయరు దగ్గరికి వెళ్లండి, పోలీసుల నుంచి ఫోను రాకముందే.