బెంగళూరులో మీరు, కర్నూల్లో ఇల్లు

ఇంటిని బాడుగకిచ్చి వేరే ఊళ్లో ఉండేవారి ప్రశ్నలకు ఈసారి జవాబులు

ప్రశ్న: కర్నూల్లో నాన్నగారు కట్టించిన విడి ఇంటిని బాడుగకిచ్చి మేం బెంగళూరులో ఉంటున్నాం. మూడు వేసవుల్లో రెండుసార్లు బోరు మోటారు కాలింది. ప్రతిసారీ రాత్రిపూట ఫోను రావడం, మా చిన్నాన్న కొడుకు పరుగెత్తడం, మెకానిక్ అడిగినంతా మేం పంపడం. దీనికి దారేమిటి?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మోటారు ఊరికే కాలదు. ఏప్రిల్ వచ్చేసరికి బోరులో నీటిమట్టం దిగుతుంది. ట్యాంకు నిండలేదని ఇంట్లోవాళ్లు స్విచ్ వేసి వదిలేస్తారు. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది దాని చుట్టూ ఉన్న నీళ్లే. అవి లేకుండా తిరిగితే వైండింగ్ (లోపలి తీగ చుట్ట) మాడిపోతుంది. రెండో కారణం వోల్టేజీ. అందరి ఇళ్లలో ఏసీలు, కూలర్లు నడిచే వేళ వోల్టేజీ పడిపోతే మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది.

స్టార్టర్ పెట్టెలో డ్రై రన్ (నీళ్లు లేకుండా తిరగడం), ఓవర్‌లోడ్ (మితిమీరి కరెంటు లాగడం) రెండింటినీ ఆపే రక్షణ పరికరం పెట్టించండి. నీళ్లు అందకపోతే మోటారు లాగే కరెంటు తగ్గుతుంది. ఆ తగ్గుదలను కనిపెట్టి పరికరం మోటారును ఆపేస్తుంది. ఎన్ని ఆంపియర్ల దగ్గర ఆగాలో మీ బోరుకు తగ్గట్టు అమర్చాలి. నీళ్లు బాగా వస్తున్న రోజు ఆంపియర్ మీటరు ఎంత చూపిస్తుందో ఫొటో తీయించి పెట్టుకోండి. ఆ అంకె మీ దగ్గర ఉంటే వేసవిలో ఫోను రాగానే ‘మీటరు ఫొటో పంపండి’ అంటే చాలు. మామూలుకన్నా బాగా తక్కువుంటే బోరులో నీళ్లు లేవు, బాగా ఎక్కువుంటే వోల్టేజీ పడిపోయింది లేదా పంపు ఇసుకతో పట్టేసింది. గుయ్యిమంటూ తిరగకపోతే ముందు స్టార్టర్లోని కెపాసిటర్ మార్పించి చూడమనండి. అది చౌక పని. బోరులోంచి మోటారు ఎత్తడం అలా కాదు, పైపులన్నీ పైకి తీయాలి, మనుషులు కావాలి.

అసలు గొడవ ఆ తరువాత మొదలవుతుంది. పరికరం మాటిమాటికీ ఆపేస్తోందని బాడుగవాళ్లు ఎవరినో పిలిచి ‘డైరెక్ట్’ చేయించుకుంటారు. రక్షణ పోయినట్టు మీకు తెలిసేది మోటారు కాలాకే. అందుకని ఒప్పందంలో ఒక వాక్యం రాయండి: స్టార్టర్ పెట్టెను ఇంటివాళ్లకు చెప్పకుండా విప్పించకూడదు, విప్పించి కాలితే ఖర్చు వాళ్లదే. దాంతోపాటు వేసవిలో మోటారును ఒకేసారి గంటసేపు కాకుండా పావుగంట నడిపి, బోరు ఊరడానికి వ్యవధి ఇచ్చి మళ్లీ నడపమని చెప్పండి.

ఇంకో చిన్న పని. బోరు లోతు ఎన్ని అడుగులు, పైపులు ఎన్ని అడుగులు దించారు, మోటారు ఎన్ని హెచ్‌పీ, ఎన్ని స్టేజీలు, చివరిసారి ఎప్పుడు ఎత్తారు, ఈ వివరాలన్నీ స్టార్టర్ పెట్టె తలుపు లోపలివైపు మార్కరుతో రాయించండి. ‘వంద అడుగుల పైపు మార్చాలి’ అని ఫోన్లో ఎవరన్నా అంటే నమ్మాలో లేదో అప్పుడు తెలుస్తుంది.

చిన్నాన్న కొడుకును మాత్రం మర్యాదగా ఈ బాధ్యత నుంచి తప్పించండి. అతణ్ని లెక్క అడగలేరు, అతను బాడుగ గట్టిగా అడగలేడు. ఒక ప్లంబరు, ఒక ఎలక్ట్రీషియన్, ఒక బోరు మెకానిక్, ముగ్గురి నంబర్లు బాడుగవాళ్లకే ఇచ్చి ఒక హద్దు పెట్టండి: పదిహేను వందల లోపు పనైతే మిమ్మల్ని అడగకుండా చేయించుకుని, బిల్లూ పాత సామానూ ఫొటో పంపి బాడుగలో తగ్గించుకోవచ్చు. అంతకు మించితే ముందు ఫోను చేయాలి. చిన్నవాటికి మీ అనుమతి కోసం ఆగడంలోనే కారే కొళాయి కాస్తా గోడ చెమ్మగా మారుతుంది.

ప్రశ్న: కడపలో మా ఇంట్లో నేలంతా పాలిష్ బండలు. బాడుగవాళ్లు ఖాళీ చేశాక చూస్తే హాల్లో తెల్లటి మచ్చలు, కిటికీ కింద గోడ పెచ్చులు. అడ్వాన్సులో పట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మచ్చలు యాసిడ్ వల్ల వచ్చినవి అయ్యుంటాయి. కడప బండ, బేతంచెర్ల బండ రెండూ సున్నపురాయి జాతివి. బాత్రూము కడిగే యాసిడ్ చుక్క పడితే బుసబుసమని నురగ వచ్చి పైపొర కరిగిపోతుంది. నిమ్మరసం, చింతపండు పులుసు పడినా నెమ్మదిగా ఇదే జరుగుతుంది. పెచ్చులు కూలర్ పుణ్యం. కిటికీకి బిగించిన కూలర్లోంచి కారే నీళ్లు వేసవంతా గోడలోకి ఇంకితే సిమెంటు పూత ఉబ్బి రాలిపోతుంది.

వాడకంలో నేల మెరుపు తగ్గడం, గోడ రంగు వెలవడం ఇంటివాళ్లు భరించాల్సినవే. యాసిడ్ మచ్చలూ కూలర్ చెమ్మా అలాంటివి కావు, పట్టుకోవచ్చు. అయితే ఇల్లు ఇచ్చిన రోజు నేల ఎలా ఉందో మీ దగ్గర రుజువు ఉండాలి. లేకపోతే ఇప్పుడు సగంలో రాజీ పడటమే మేలు. పట్టుబడితే వాళ్లతో మీకు వాదన మిగులుతుంది, వచ్చే నెల బాడుగ పోతుంది. మచ్చలు పైపైనే ఉంటే బండల పాలిష్ మిషనుతో మళ్లీ రుద్దించవచ్చు. పాలిష్‌వాళ్లు అడుగుల లెక్కన అడుగుతారు. మచ్చలున్న గదికే చేయించి ఆ బిల్లు చూపించి పట్టుకోండి.

ఈసారి తాళాలు ఇచ్చే ముందు ఇల్లంతా వీడియో తీయండి. గది గదికీ నేలమీదికి వంగి, కొళాయిలు తిప్పి, ఫ్యాన్లు వేసి, చివర కరెంటు మీటరు రీడింగు కనిపించేలా. ఫ్యాన్లు, లైట్లు, కొళాయిలు, గీజరు, తాళంచెవులు ఎన్నో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. నేలకు యాసిడ్ వద్దని, కూలర్ కింద తొట్టి లేదా రేకు పెట్టాలని అదే కాగితంలో ఉంటే చాలు.

ప్రశ్న: అనంతపురంలో ఇల్లు, మేం అమెరికాలో. పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుంటూ వస్తున్నాం. పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదే అవుతుందని ఊళ్లో అంటున్నారు. నిజమా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: బాడుగకున్నవారికి ఆ లెక్క వర్తించదు. పన్నెండేళ్ల గడువు లిమిటేషన్ చట్టం, 1963లోది. అది యజమానికి ఎదురుగా, తనదేనని చెప్పుకుంటూ స్వాధీనంలో ఉన్నవారి సంగతి. మీ అనుమతితో, మీకు బాడుగ కడుతూ ఉన్నవాళ్లు ఎన్నేళ్లున్నా బాడుగవాళ్లే. ప్రమాదం అగ్రిమెంటు లేకుండా, బాడుగ చేతికి తీసుకుంటూ, రసీదు ఇవ్వకుండా ఏళ్లు గడిపేస్తే వస్తుంది. బాడుగ బ్యాంకులో పడుతూ ఉంటే ప్రతి నెలా ఒక సాక్ష్యం.

పదకొండు నెలలు ఎందుకంటే, ఏడాదికి మించిన లీజునే రిజిస్టరు చేయించాలన్నది కేంద్ర చట్టంలోని నియమం. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 1999 సవరణ తరువాత ఎన్ని నెలల లీజునైనా రిజిస్టరు చేయించాల్సిందే. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. ఎన్ని నెలలదైనా స్టాంపు కూడా ఉండాలి. గడువు దాటాక పాత కాగితంతోనే నడిపించకుండా కొత్తది రాయించండి.

బాడుగవాళ్లకన్నా మీరు భయపడాల్సింది దొంగ రిజిస్ట్రేషన్లకు. ఆరు నెలలకోసారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో మీ ఇంటి ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) తీసి చూసుకోండి. ఇంటిపన్ను ఎవరి పేరున ఉందో అప్పుడే చూడండి. మీ తరఫున ఒకరికి పవరాఫ్ అటార్నీ ఇవ్వాల్సి వస్తే, బాడుగ వసూలు, మరమ్మతు, నోటీసు, కోర్టు పనులకు మాత్రమే అని రాయండి, అమ్మే అధికారం రాయొద్దు. అక్కడ భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపిన కాగితానికి ఇక్కడ చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఈ గడువు చాలామందికి తప్పిపోతుంది.

పన్ను విషయం కూడా చాలామంది వదిలేస్తారు. యజమాని ఎన్నారై అయితే బాడుగ ఎంత చిన్నదైనా బాడుగవాళ్లు 30 శాతం, పైన సెస్సుతో కలిపి 31.2 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అందుకు వాళ్లకు టాన్ (పన్ను కోసి కట్టేవారికి ఇచ్చే) నంబరు కావాలి. మిగిలింది మీ ఎన్నార్వో ఖాతాలో (ఎన్నారైలు ఇక్కడి ఆదాయం కోసం తెరిచే ఖాతా) వేయాలి. అద్దె ఆదాయంలో ఇంటిపన్ను పోగా 30 శాతం మినహాయింపు ఉంటుంది కాబట్టి ఎక్కువ కట్టింది రిటర్నులో వెనక్కి వస్తుంది. తక్కువ టీడీఎస్‌కు ముందే ఆదాయపు పన్ను శాఖకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ తలనొప్పి తెలిసిన బాడుగవాళ్లు ఎన్నారై ఇంటికి రావడానికి వెనకాడతారు. కనుక ముందే చెప్పి, ఫారాలు నింపే ఖర్చు మీరే పెట్టుకోండి.

ప్రశ్న: ఇంటిపన్ను, కరెంటు ఎవరు కట్టాలి?
– ఒక పాఠకురాలు, పుణె

జవాబు: ఇంటిపన్ను మీరే కట్టండి. ఏడాది మొత్తం ఏప్రిల్ 30 లోగా కడితే రాయితీ వస్తుంది. కరెంటు వాళ్లు కట్టాలి. కానీ సర్వీసు మీ పేరున ఉంటుంది కనుక బకాయి మీకే చుట్టుకుంటుంది. సర్వీసు నంబరుతో కరెంటు సంస్థ ఏపీఎస్పీడీసీఎల్ యాప్‌లో నెలనెలా చూడండి. వాళ్లు కొత్తగా ఏసీ పెడితే లోడు పెంచే ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి.

ప్రశ్న: కర్నూలు ఇంట్లో గోడలకు నెర్రెలు. వర్షాకాలంలో మూసుకుని వేసవిలో తెరుచుకుంటున్నాయి. పూడిపించాలా?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: నల్లరేగడి మీద కట్టిన ఇళ్లలో ఇది కనిపిస్తుంది. తడిస్తే ఆ మట్టి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, పునాది కొంచెం కదులుతుంది. ప్రతి వేసవీ పుట్టీ పూడిస్తే వానల్లో అది రాలిపోతుంది. ముందు నెర్రె రెండు వైపులా పెన్సిలుతో గీతలు గీసి, పక్కన తేదీ రాయించండి. మూడు నెలలకోసారి వెడల్పు కొలిచి ఫొటో పంపమనండి. ఏటా అంతే తెరుచుకుని అంతే మూసుకుంటుంటే సాగే సీలెంటు చాలు. ఏడాదికేడాది పెరుగుతుంటే, లేక తలుపు బిగుసుకుపోతుంటే ఇంజినీరును పంపండి. ఈలోగా గోడ చుట్టూ మూడడుగుల వెడల్పున సిమెంటు గట్టు బయటికి వాలుగా వేయించి, గోడకానుకుని చెట్లకు నీళ్లు పెట్టొద్దని, సంపు పొంగనివ్వొద్దని చెప్పండి. సెప్టిక్ ట్యాంకుకు వెళ్లే పైపు గోడ దాటే చోట అతుకు విడిపోయిందేమో కూడా చూపించండి. ఒక్క మూలే దిగుతుంటే మొదట అనుమానించాల్సింది అదే.