కత్తెర రింగు తగిలే చోటే దురద

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఆరేళ్లుగా విజయవాడలో ఒక బ్యూటీ పార్లర్‌లో పని చేస్తున్నాను. ఏడాదిగా కుడిచేతి బొటనవేలు, ఉంగరపు వేలు లోపలివైపు ఎర్రబడి, దురదపెట్టి పగులుతున్నాయి. సెలవు పెట్టి ఊరెళ్తే తగ్గుతుంది. గిల్టు దిద్దులు మొదటినుంచీ నాకు పడవు. తామర అనుకొని మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజులు తగ్గి మళ్లీ వస్తోంది. పని మానేయాలా?

జవాబు: మానేయవలసిన పరిస్థితి ఇప్పటికి కనిపించడం లేదు. మీరు చెప్పిన రెండు వేళ్లూ కత్తెర రింగుల్లో దూరేవే కావడం, సెలవుల్లో తగ్గడం, గిల్టు దిద్దులు పడకపోవడం కలిపి చూస్తే నికెల్ ఎలర్జీని గట్టిగానే అనుమానించాలి. చవక దిద్దులతో చెవి దగ్గర మొదలైన ఈ ఎలర్జీ ఏళ్ల తర్వాత చేతుల మీద బయటపడవచ్చు. ఒకసారి వస్తే సాధారణంగా పోదు. పైగా లోహం తగిలిన ఒకటి రెండు రోజులకు గాని దురద మొదలుకాదు కనుక, సోమవారం పట్టిన క్లిప్పు మీద బుధవారం ఎవరికీ అనుమానం రాదు.

అలాగని స్టీలు వస్తువులన్నీ పారేయకండి. మంచి స్టెయిన్‌లెస్ స్టీలులో నికెల్ ఉన్నా బయటికి వచ్చేది బహు స్వల్పం. నికెల్ పూత వేసిన కత్తెరలు, ప్లక్కర్లు, చేతులు ఖాళీ లేనప్పుడు పెదవుల మధ్య పట్టుకునే జడ క్లిప్పులు, వీటిలోనూ పూత అరిగి లోపలి లోహం బయటపడినవి, చెమటకూ తడికీ నికెల్‌ను వదులుతాయి. డైమిథైల్‌గ్లయాక్సిమ్ పరీక్ష ద్రావణంలో ముంచిన దూదిపుల్లతో రింగును అరనిమిషం రుద్దినప్పుడు దూది గులాబీ రంగుకు తిరిగితే ఆ వస్తువు నికెల్ వదులుతున్నట్టే. ఇలాగే ఎలర్జీ తెప్పించే మరో లోహం కోబాల్ట్‌ను మాత్రం ఈ పరీక్ష పట్టుకోలేదు.

చర్మవైద్యుల దగ్గర ప్యాచ్ పరీక్ష చేయించుకోండి. వీపు మీద అతికించిన పట్టీలను 48 గంటలకు తీసి, మరో ఒకటి రెండు రోజులకు మళ్లీ చూస్తారు. అందులో నికెల్, కోబాల్ట్‌లతోపాటు జుట్టు రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనాన్ని కూడా చేర్చమని అడగండి. దోషి రంగే అయితే కత్తెర మార్చి లాభం లేదు.

ఆ ట్యూబును ఆపండి. ఇలాంటి వాటిలో తరచుగా స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. తాత్కాలికంగా ఎరుపు తగ్గించినా, వాడగా వాడగా చర్మాన్ని పలచబరుస్తుంది. ఈలోగా ప్లాస్టిక్ పిడి ఉన్న కత్తెర వాడండి. తలస్నానం చేయించేటప్పుడూ, రంగు వేసేటప్పుడూ నైట్రైల్ గ్లౌజులు తొడుక్కోండి, ఎందుకంటే రోజంతా షాంపూ నీళ్లలో నానిన చర్మానికి ఏ ఎలర్జీ అయినా తేలిగ్గా అంటుకుంటుంది. వైద్యుల దగ్గరకు వెళ్లేటప్పుడు మీ కత్తెరనూ క్లిప్పులనూ ఒక కవరులో వేసి వెంట తీసుకెళ్లండి.