టెక్సాస్ గన్ లైసెన్స్ న్యూజెర్సీలో చెల్లుతుందా?

"డల్లాస్ నుంచి న్యూజెర్సీకి కారులో వెళ్తున్నాం, టెక్సాస్ లైసెన్స్ ఉంది, పిస్టల్ వెంట తీసుకెళ్ళొచ్చా?" అని అడిగారు. చెల్లదు. ఇంట్లోనే పెట్టి తాళం వేసి వెళ్ళండి. ఈ ముక్క ముందే తెలుసుకోకపోవడం వల్ల మా బావమరిది గృహప్రవేశాన్ని నేను పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో ఓ మోటెల్ గదిలో కూర్చుని వాట్సాప్ వీడియోలో చూశాను.

2023 వేసవి. డల్లాస్ నుంచి న్యూజెర్సీలో బావమరిది ఉండే ఎడిసన్ 1,500 మైళ్ళ పైమాటే. పిల్లలతో రెండు రాత్రులు దారిలో ఆగాలి కదా, పిస్టల్ ఉంటే ధైర్యం అనుకున్నాను. తెలుగు వాట్సాప్ గ్రూపులో అడిగితే "బ్రో, ముప్పైకి పైగా రాష్ట్రాల్లో చెల్లుతుంది, టెన్షన్ పడకు" అన్నారు. అబద్ధం కాదు. అందులో న్యూజెర్సీ ఉందా అని నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. వీసా స్టాంపింగ్ నుంచి మోకాళ్ళ నొప్పుల దాకా ప్రతిదానికీ ఆ గ్రూపులో అదే నలుగురు జవాబిస్తారు, అది వేరే బాధ.

ఆర్కాన్సా, టెనెసీ, వర్జీనియా, మూడూ టెక్సాస్ కార్డును ఒప్పుకునేవే. వర్జీనియాలో వించెస్టర్ ఊరి దగ్గర గ్యాస్ కోసం ఆగినప్పుడు మా ఆవిడ ఫోన్ చూస్తూ "ఏవండీ, మేరీల్యాండ్‌లో మన లైసెన్స్ పనికిరాదట" అంది. ఐ-81 హైవే మీద మేరీల్యాండ్ ఎంతో తెలుసా? 12 మైళ్ళు. పిల్లాడు చిప్స్ ప్యాకెట్ ఖాళీ చేసేలోపు దాటేస్తాం. ఆ 12 మైళ్ళ కోసం కారు ఓ మూలకు తీసి, తూటాలన్నీ తీసేసి, పిస్టల్ ఒక పెట్టెలో, తూటాలు ఇంకో పెట్టెలో పెట్టి తాళాలు వేసి డిక్కీలోకి పంపాను. లైసెన్స్ చెల్లని రాష్ట్రం గుండా దాటిపోయేవాళ్ళకు 1986 నాటి ఫెడరల్ చట్టం ఇచ్చిన దారి ఇదే. గ్లవ్ బాక్స్‌లో పెట్టి తాళం వేస్తే సరిపోదు. అన్నీ సరిగ్గా చేసినా, వెనక ట్రూపర్ (రాష్ట్ర పోలీసు) కారు కనిపించేసరికి నా చేతులు చెమటలు పట్టాయి. మా ఆవిడ ఆంజనేయస్వామిని తలుచుకుంటూ కూర్చుంది.

పెన్సిల్వేనియాలోకి వచ్చాక ఊపిరి పీల్చుకుని బావమరిదికి ఫోన్ చేశాను. "బావా, నీకేమైనా పిచ్చా! ఇక్కడ పర్మిట్ లేకుండా పట్టుబడితే ఐదు నుంచి పదేళ్ళు" అన్నాడు. ఆ ఫెడరల్ చట్టం దాటిపోయేవాడికే గాని వాళ్ళింట్లో నాలుగు రోజులు ఉండడానికి వెళ్ళేవాడికి కాదట. పైగా మనం గ్రీన్ కార్డు మీద ఉన్నాం. తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు. పన్నెండేళ్ళు క్యూలో నిలబడి తెచ్చుకున్న కార్డది.

పిస్టల్‌ను మోటెల్ గదిలో వదిలి వెళ్దామంటే గది శుభ్రం చేసేవాళ్ళు వస్తారు. ఆడపడుచు లేకుండా పాలు పొంగించరు కాబట్టి మా ఆవిడ వెళ్ళాల్సిందే. రాత్రి బావమరిది వచ్చి అక్కనీ పిల్లల్నీ తీసుకెళ్ళాడు. నేనూ, పిస్టలూ మిగిలాం.

నిద్ర పట్టక ఫోన్‌లో వెతుకుతుంటే ఒకాయన సంగతి దొరికింది. 2005లో యూటా నుంచి విమానంలో వస్తున్నాడు, ఎక్కడికి? అలెన్‌టౌన్‌కే! న్యూజెర్సీలోని నెవార్క్‌లో ఫ్లైట్ తప్పిపోయి, పెట్టె చేతికిస్తే రాత్రి హోటల్లో పడుకున్నాడు. పొద్దున ఎయిర్‌పోర్టులో "పెట్టెలో పిస్టల్ ఉంది" అని తనే చెబితే అరెస్టు చేశారు. కేసు తర్వాత కొట్టేశారు గాని, ఆయన దావా వేస్తే 2010లో అప్పీల్ కోర్టు ఆయనకు వ్యతిరేకంగానే చెప్పింది. 2013లో ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ఒక తల్లి కూడా అంతే, కారు ఆపిన పోలీసుకు తనే చెప్పి జైలుపాలైంది. 2015లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష పెడితే కేసు నుంచి పూర్తిగా బయటపడింది. నిజం చెప్పినవాళ్ళే దొరుకుతారన్నమాట!

డ్రైవింగ్ లైసెన్స్ యాభై రాష్ట్రాల్లోనూ చెల్లుతుంటే ఇదెందుకు చెల్లకూడదన్నది నా వాదన. గుంటూరు జిల్లాలో మా తాతగారికి డబుల్ బ్యారెల్ ఉండేది. ఎన్నికలొస్తే స్టేషన్‌లో డిపాజిట్ చేసేవారు గాని, ఎంతమేర చెల్లుతుందో లైసెన్స్ మీదే రాసి ఉండేది. ఇక్కడ ఒక రాష్ట్రం గన్ లైసెన్స్ మిగతా రాష్ట్రాల్లోనూ చెల్లేలా 2017లో హౌస్ (ప్రతినిధుల సభ) 231-198 ఓట్లతో బిల్లు పాస్ చేస్తే సెనేట్ దాన్ని ఓటుకే పెట్టలేదు. బావమరిది మాత్రం "మీ టెక్సాస్‌లో 2021 నుంచి లైసెన్సే అక్కర్లేదు, ఆ పద్ధతి మా మీద రుద్దుతారా?" అంటాడు. ఇల్లు కొన్నాక వాడికి మాటలు ఎక్కువయ్యాయి.

అన్నట్టు, మీరు హెచ్-1బి మీద ఉంటే ఈ ప్రశ్నే వద్దు. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప ఫెడరల్ చట్టం మీ చేతికి తుపాకీ రానివ్వదు.

అల్లుడుగారు గృహప్రవేశానికి ఎందుకు రాలేదని మా అత్తగారు ఇప్పటికీ అడుగుతుంటారు. దారిలో జ్వరం వచ్చిందని చెప్పాం.