హైస్కూల్ క్వీర్ ప్రేమకథలు పెద్దవాళ్లకూ ఎందుకంత నచ్చుతాయి?

మొదటి కారణం, ఎవరూ చావరు. పాత సినిమాల్లో ఇద్దరబ్బాయిల ప్రేమంటే చాలావరకు చావో, ఎడబాటో. 2016లో వెబ్‌కామిక్‌గా మొదలై 2022లో నెట్‌ఫ్లిక్స్‌కి ఎక్కిన బ్రిటిష్ కథ ‘హార్ట్‌స్టాపర్’లో, చార్లీ, నిక్ అనే ఇద్దరు స్కూలబ్బాయిల ప్రేమలో, ఆ భయం ఉండదు. కాబట్టి చెయ్యి పట్టుకోవాలా వద్దా అన్నదే పెద్ద ఉత్కంఠ.

పెద్దవాళ్ల సంగతికొస్తే, స్వలింగ ప్రేమను ‘ప్రోత్సహించకూడద’ని స్థానిక సంస్థలను కట్టడి చేసిన సెక్షన్ 28 అనే చట్ట నిబంధన ఇంగ్లండ్‌లో 1988 నుంచి 2003 దాకా అమల్లో ఉంది. టీచర్లు ఆ ఊసెత్తడానికే జంకేవారు. అప్పుడు చదువుకున్నవాళ్లు తమకు దక్కని టీనేజీని ఇందులో చూసుకుంటారు.

అయితే ఉత్త తీపి అయితే రెండో భాగానికే మొహం మొత్తుతుంది. ఇక్కడ చార్లీకి తోటివాళ్లు ఏడిపించిన గతం, తర్వాత తిండికి సంబంధించిన మానసిక రుగ్మత ఉన్నాయి. నిక్ తాను బైసెక్సువల్ (అమ్మాయిలూ అబ్బాయిలూ ఇద్దరూ నచ్చేవాడు) అని తెలుసుకోవడానికి కథ తగినంత సమయమిస్తుంది. అనుకరణలు ఎక్కువగా తప్పేది ఇక్కడే: మొదటి అధ్యాయంలోనే ముద్దు పెట్టించేస్తాయి.