జీతగాడు అనే మాటలో నింద ఉందా?

సందేహం: మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ ప్రాంతం. మా వైపు జీతగాడంటే ఏడాదికింత అని మాట్లాడుకొని రైతు దగ్గర పనికి కుదిరిన మనిషి. మా క్రైస్తవ మందిరంలో ప్రసంగించేవారు మాత్రం, మందను, అంటే సంఘంలోని వారిని, పట్టించుకోని సేవకుణ్ణి ‘వాడు కాపరి కాడు, జీతగాడు’ అని నిందిస్తుంటారు. బతుకంతా జీతమున్న మా పెద్దలకు ఆ మాట గుచ్చుకుంటోంది. ఈ వాడుక సరైనదేనా? కాకపోతే అటువంటివాణ్ణి ఏమనాలి? అతనికి భిన్నమైన నాయకుణ్ణి ‘విశ్వాసి’ అనవచ్చునా?

సమాధానం: ఈ వాడుకకు ఆధారం యోహాను సువార్త 10వ అధ్యాయం. మంచి కాపరికి ఎదురుగా అక్కడ జీతగాణ్ణి నిలిపిన మాట నిజమే. అయితే అతనిలో దోషంగా చెప్పినది జీతం పుచ్చుకోవడం కాదు. తోడేలు రావడం చూసి, గొర్రెలు తనవి కావు గనుక వాటిని లక్ష్యపెట్టక పారిపోవడం. జీతానికి ఉండి కూడా మందను కంటికి రెప్పలా కాచుకొన్న మనిషి అదే పరిశుద్ధ గ్రంథంలో ఉన్నాడు. యాకోబు తన మేనమామ లాబాను ఇంట 20 ఏళ్లు కొలువు చేశాడు: లాబాను కుమార్తెలను పెళ్లాడడం కోసం 14 ఏళ్లు, మంద కోసం 6 ఏళ్లు. పగలు ఎండకు, రాత్రి మంచుకు క్షీణించి, కంటికి నిద్ర లేక గడిపానని, మృగాలు చీల్చిన గొర్రెను యజమాని లెక్కలో వేయకుండా ఆ నష్టాన్ని తానే భరించానని, తన జీతాన్ని లాబాను పదిమార్లు మార్చాడని ఆదికాండం 31వ అధ్యాయంలో అతడే చెప్పుకొన్నాడు. మీ పెద్దలు తమను పోల్చుకోవలసినది ఈ జీతగాడితో. పనివాడు తన జీతానికి పాత్రుడన్న మాట కూడా లూకా సువార్త 10వ అధ్యాయంలో ఉన్నదే.

భాషాపరంగా చూసినా ఈ పదంలో నింద లేదు. రామిగాడు, సోమిగాడు అని పేర్ల చివర చేరినప్పుడు ‘గాడు’ తేలికభావాన్ని తెస్తుంది గాని, వేటగాడు, ఆటగాడు, జీతగాడు వంటి మాటల్లో ఆ పని గలవాడు అని మాత్రమే చెబుతుంది. కాబట్టి యోహాను సువార్తను వివరించే సందర్భంలో, ‘మందను విడిచి పారిపోయిన’ అనే విశేషణం చేర్చి ఈ పదం వాడితే తప్పులేదు. జీతమున్న కుటుంబాలు ఎదుట కూర్చున్న మీ ప్రాంతంలో, విశేషణం లేకుండా దాన్ని తిట్టుగా ప్రయోగించడం అనుచితమని నా అభిప్రాయం.

మరి ఏమనాలంటే, ఆ నాయకుడు చేసిన తప్పును బట్టి మాట ఎంచుకోవాలి. యాజకుడైన ఏలీకి కుమారుల దుర్మార్గం తెలుసు, మందలించాడు కూడా. అయినా వారిని అడ్డగించలేదని సమూయేలు మొదటి గ్రంథం చెబుతుంది. తెలిసి ఊరుకోవడం గనుక దానికి ‘ఉపేక్ష’ తగిన మాట. యెషయా 56వ అధ్యాయంలోని కావలివారు మొరగలేని కుక్కలు, నిద్రాసక్తులు; వారిది ‘ఏమరుపాటు’. యెహెజ్కేలు 34వ అధ్యాయంలోని కాపరులు బలహీనమైన వాటిని బలపరచలేదు, గాయపడిన వాటికి కట్టు కట్టలేదు, తప్పిపోయిన వాటిని వెదకలేదు; ఇంతవరకు ‘నిర్లక్ష్యం’ అనవచ్చును. కాని వారు క్రొవ్విన వాటిని కోసుకొని తిని, ఆ ఉన్నినే కప్పుకొన్నారు. దాన్ని కూడా నిర్లక్ష్యమంటే నేరాన్ని తగ్గించి చెప్పినట్లవుతుంది. అది మందను దోచుకోవడమే, అలాగే అనాలి.

ఇక ‘విశ్వాసి’ అంటే తాను నమ్మినవాడు. ఇతరుల నమ్మకానికి తగినవాడు ‘విశ్వాసపాత్రుడు’, లేదా ‘నమ్మకమైనవాడు’. ఏలీ వంశానికి బదులు తాను నియమిస్తానని దేవుడు చెప్పినది నమ్మకమైన యాజకుణ్ణి. ‘విశ్వాసి అయిన యాజకుడు’ అంటే ఆ అర్థం రాదు, ఎందుకంటే విశ్వాసం ఏలీకి కూడా ఉంది.